నలభై నిమిషాల గంట

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఉద్యోగం ఎట్లా ఉంటుందని అడుగుతారు. మైక్రోస్కోపు గురించి, పరీక్షల గురించి వాళ్లకు పుస్తకాల్లో ఉంటుంది. పుస్తకంలో లేనిది బస్సు. నా ఉద్యోగంలో ఒక మనిషికి నా వల్ల జరిగిన చెడు ఆ బస్సు వల్ల జరిగిందని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. బస్సు తన టైముకు తాను వచ్చింది, తన టైముకు తాను పోయింది. దొంగ గంట నాది.

నలభై తొమ్మిదేళ్లకే స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, సీనియారిటీ గొడవలు రాయను. అవి అందరికీ ఒకటే. తప్పు మాత్రం ఎవరి తప్పు వాళ్లదే.

జ్వరం వాడికి పడుతుంది

డెబ్భైల చివర్లో నా మొదటి ఉద్యోగం టేకులపల్లి అవతల అడవిలో ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో. వానాకాలం వస్తే మలేరియా స్లైడ్లు కట్టలు కట్టలుగా వచ్చేవి. ఇరవై రెండేళ్ల వయసు, సాయంత్రం సినిమాకు పాల్వంచ పోవాలి. ఒకరోజు చివరి పదిహేను స్లైడ్లు చూడకుండానే అన్నింటికీ 'లేదు' అని రాసి పడేశాను.

అక్కడి డాక్టరు పెద్దాయన, బక్క మనిషి. ఎవరి మీదా అరవడు. ఆ కట్టలోంచి ఒక స్లైడు తీసి తానే మైక్రోస్కోపు కింద పెట్టుకున్నాడు. కాసేపటికి లేచి నన్ను కూర్చోమన్నాడు. ఆ స్లైడు నిండా మలేరియా క్రిములే.

"దీన్ని చూసినవా?"

"చూడలే సార్."

"చూడకపోతే చూడలేదని రాయి. నీకు తిట్లు పడతయి, అంతే. లేదు అని రాస్తే జ్వరం వాడికి పడతది."

మెమో ఇవ్వలేదు. గోలీలు నా చేతిలో పెట్టి, ఆ స్లైడు మనిషి ఊరికి నడిచిపోయి స్వయంగా ఇచ్చి రమ్మన్నాడు. ఏడు కిలోమీటర్లు, బురద. ఎందుకు ఆలస్యమైందో కూడా వాళ్లకు చెప్పి రమ్మన్నాడు. ఇరవై ఏడేళ్ల సర్వీసులో నాకు దొరికిన చదువు అదొక్కటే. దాన్ని పదిహేనేళ్లలో పూర్తిగా మరిచిపోయాను.

సైరన్ కొడితే గంట

ఆ తరువాత ఒక ఫ్యాక్టరీ దవాఖానాలో చేరాను. పేరు రాయను. అడవి అంచున కొత్తగా కట్టిన టౌన్‌షిప్, గుట్ట మీద దవాఖానా, మూడు కిలోమీటర్ల కింద క్వార్టర్లు. పన్నెండున్నరకు ఫ్యాక్టరీ సైరన్ కొట్టేది, గేటు దగ్గర స్టాఫ్ బస్సు నిలబడేది. అది పోతే ఎండలో నడవాలి. తిరిగి రెండున్నరకు వచ్చేది.

ఈఎస్సార్ అని ఒక పరీక్ష ఉంటుంది. గడ్డకట్టకుండా సిట్రేట్ కలిపిన రక్తాన్ని సన్నటి గాజు గొట్టంలో నిలువుగా పెడతాం. ఎర్ర కణాలు మెల్లగా కిందికి దిగుతాయి, పైన పసుపు నీరు మిగులుతుంది. గంటలో ఎన్ని మిల్లీమీటర్లు దిగితే అదే రీడింగు. ఒంట్లో ఎక్కడైనా వాపు, మంట ఉంటే ఎక్కువ దిగుతుంది. ఇంతకన్నా సులువైన పరీక్ష లేదు. కావలసిందల్లా గంటసేపు ఆగడం.

మా సీనియర్ చారిగారు నాకు మొదటి వారంలోనే ఆ దవాఖానా శాస్త్రం నేర్పాడు. పదకొండున్నర తరువాత పెట్టిన గొట్టాలు ఇంకా దిగుతూ ఉంటే నేను వాచీ చూసుకుంటూ నిలబడ్డాను. ఆయన అప్పటికే టిఫిన్ డబ్బా భుజానికి తగిలించుకున్నాడు.

"ఏంది చూస్తున్నవ్?"

"ఇంకా ఇరవై నిమిషాలున్నయ్ సార్."

"బస్సు పోయినంక ఇరవై నిమిషాలతోటి ఏం చేసుకుంటవ్? సైరన్ కొడితే గంటైనట్టే. రాయి."

రాశాను. అందరం రాసేవాళ్లం. రిజిస్టర్లో 'ఒక గంట' అని అచ్చు వేసిన గడి కింద నలభై నిమిషాల అంకె పడేది. మామూలుగా రక్తాలన్నీ పొద్దున్నే తీస్తాం కాబట్టి ఈ బస్సు గంట ఎప్పుడో ఒకసారి ఒకరిద్దరికి తప్ప తగిలేది కాదు. అందుకే అది మాకు తప్పులాగా కనపడలేదు, దవాఖానా అలవాటులాగా కనపడింది. చారిగారు రిటైరయ్యాడు, ఆయన కుర్చీ, ఆయన గంట రెండూ నాకే వచ్చాయి.

గాజు డబ్బా

తొంభైల మొదట్లో మా దవాఖానాకు ఒక ఆక్సిజన్ ఛాంబర్ వచ్చింది. కొలిమి దగ్గర పనిచేసేవాళ్లకు విషవాయువు తగిలితే అందులో పడుకోబెట్టి, మామూలు గాలికి రెండింతల ఒత్తిడిలో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇవ్వాలి. మంచి యంత్రమే. మనిషి పట్టేంత గాజు గొట్టం, ఒక వైపు ఇనుప తలుపు, పక్కన గడియారాల్లాంటి మీటర్లు.

ప్రారంభోత్సవం నాడు మా సూపరింటెండెంట్ కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించి, ఆక్సిజన్ సిలిండర్ల వరస ముందు హారతి తిప్పాడు. యంత్రం బిగించడానికి వచ్చిన ఇంజినీరు మొహం తెల్లబడింది. పరిగెత్తి వెళ్లి పళ్లెం లాక్కుని బయట పడేశాడు. సూపరింటెండెంట్‌కు కోపం వచ్చింది. అంటే దవాఖానాలో అందరికన్నా పెద్ద డాక్టరుకు, ఆక్సిజన్ దగ్గర నిప్పు పెట్టకూడదన్న సంగతి బోల్టులు బిగించేవాడు చెప్పాల్సి వచ్చింది. ఆ మనిషి చేతిలో ఆ యంత్రం పెట్టారు. ఆపరేటర్ పోస్టు మంజూరు కాలేదు కాబట్టి పది రోజులు శిక్షణ ఇచ్చి దాన్ని నడిపే పని నా మీద వేశారు.

ఏడాది గడిచింది. దేవుడి దయవల్ల ఎవరికీ విషవాయువు తగలలేదు. మా సూపరింటెండెంట్ తప్ప అందరూ సంతోషించారు. హెడ్డాఫీసు నుంచి వచ్చిన ప్రతివాడూ "ఈ డబ్బా ఏం చేస్తున్నది?" అని అడిగేవాడు. ఆయనకు తల కొట్టేసినట్టుండేది. ఆ సమయంలో ఆయనకు ఒక విదేశీ పత్రికలో వ్యాసం దొరికింది. పేగుల్లో పుండ్లు పడే దీర్ఘరోగానికి ఒత్తిడి ఆక్సిజన్ పనికిరావచ్చని అందులో ఎవరో జాగ్రత్తగా, అనుమానంగా రాశారు. అనుమానం ఉన్న పేజీలు ఈయన చదివినట్టు లేదు.

"మన ఒంట్లో రోగాల మీద పోరాడే కణాలు ఉంటాయయ్యా," అని నాకు పాఠం చెప్పాడు. ఆయనది కోస్తా మాట. "ఈ జబ్బులో అవి దారి తప్పి సొంత పేగునే కొరుక్కు తింటాయి. ఒత్తిడిలో ఆక్సిజన్ పడిందంటే వాటికి బుద్ధొస్తుంది. ఈఎస్సార్ దిగుతుంది. రుజువు కావాలి. రుజువు నువ్వు ఇస్తావు."

చిట్టచివరికి నేనూ ఒక శాస్త్రవేత్తనయ్యాను.

నాగమణి

ఆయన ఐదుగురిని పోగు చేశాడు. వాళ్లలో పూనెం నాగమణి ఒకామె. ముప్పై ఏళ్లుంటాయి. భర్త రాములు ఫ్యాక్టరీలో హెల్పరు, సొంతూరు టేకులపల్లి దగ్గర అడవిలో. నాలుగేళ్లుగా ఆమెకు రక్త విరేచనాలు. వరంగల్‌లో పరీక్ష చేసి పెద్దపేగులో పుండ్లని తేల్చారు. రోజూ మింగాల్సిన గోలీలు రాసిచ్చారు. వాటితో ఏదోవిధంగా నిలబడి ఉంది.

ఛాంబర్‌లోకి పోవాలంటే తలకు నూనె ఉండకూడదు, నైలాన్ బట్ట ఉండకూడదు. నూనె, నిప్పురవ్వ, ఆక్సిజన్ కలిస్తే మనిషి మిగలడు. కుంకుడుకాయతో రెండుసార్లు తలంటుకుని, దవాఖానా నూలు గౌను వేసుకుని వచ్చింది.

"పెండ్లికి గూడ ఇంత కడగలే నన్ను," అన్నది. తరువాత గొంతు తగ్గించి, "సారూ, లోపల ఉన్నప్పుడు కడుపు కదిల్తే ఎట్ల?"

"గాజు మీద తట్టు. కాని ఒత్తిడి దించాలంటే పది పదిహేను నిమిషాలు పడుతుంది."

"గంతసేపు ఎవడాగుతడు? నిన్న రాత్రి నుంచి ఏం తినకుంటనే వచ్చిన, భయానికి."

సూపరింటెండెంట్ ఆమెకు కూడా దారి తప్పిన కణాల పాఠం చెప్పాడు. ఆమె శ్రద్ధగా విని అడిగింది: "మరి ఆళ్లకు మంచి గాలి పెడితే బలమొస్తది గాని బుద్ధెట్లొస్తది సారూ?"

ఆయన నవ్వి నా వైపు చూసి, చదువులేనివాళ్లతో ఇదే కష్టమన్నట్టు తల ఊపాడు. నేనూ నవ్వాను. ఆ గదిలో ఆ రోజు సరైన ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే.

మొదటి రోజు పొద్దున తొమ్మిదికి రక్తం తీశాను. పూర్తి గంట ఆగాను. అరవై ఎనిమిది. ఆ తరువాత ప్రతి శనివారం ఛాంబర్‌లోంచి దిగగానే రక్తం తీయాలని ఆయన ఆజ్ఞ. పదింబావుకు లోపలికి, ఒత్తిడి ఎక్కించి, గంటసేపు ఉంచి, దించి పదకొండూ ముప్పావుకు బయటికి. గొట్టం పెట్టేసరికి పదకొండూ యాభై. పన్నెండున్నరకు సైరన్. నలభై రెండు. మరుసటి వారం ముప్పై తొమ్మిది. ఆ పైవారం ముప్పై ఎనిమిది. మిగతా నలుగురికి వారంలో వేరే రోజులు, అదే వేళ. ఐదుగురికీ దిగింది. సూపరింటెండెంట్ గ్రాఫు గీసి గోడకు అంటించాడు. దవాఖానాలో అందరూ వచ్చి చూసి పోయారు. మేం పరీక్షించింది ఆక్సిజన్‌ను కాదు, భోజనాల బస్సును.

నాలుగో శనివారం అనుకుంటా, నాగమణి ల్యాబ్ బల్ల మీద కూర్చుని రాములు కోసం చూస్తున్నది. సైరన్ కొట్టగానే నేను గొట్టం చూసి రాసి, కోటు విప్పుతున్నాను.

"గంటైందా సారూ?"

"అయింది."

"డబ్బాల గంట పండుకుంటున్న గద, గంటంటే ఎంతో నా ఒంటికి తెలుసు. నీ గంట పొట్టిగున్నది."

"చదువు రానిదానివి, నీకేం తెలుసు గంటలు, నిమిషాలు? లే, తాళం వేయాలి."

ఈ మాటను నేను ఇంతకాలం మా ఇంట్లో కూడా చెప్పలేదు. రాయడం కూడా కష్టంగానే ఉంది.

బస్సు రాని శనివారం

ఏడో శనివారం బస్సు చెడిపోయింది. ఎట్లాగూ నడవాలి కదా అని ఎండ తగ్గేదాకా ల్యాబ్‌లోనే కూర్చున్నాను. ఒంటిగంటకు పది నిమిషాలు తక్కువ ఉందనగా గొట్టం వైపు చూశాను. నాగమణి రక్తం అరవై ఆరు దగ్గర ఉంది. మొదటి రోజుకు, ఆ రోజుకు తేడా రెండు మిల్లీమీటర్లు.

గొట్టం మురికిదేమో అనుకున్నాను. మిగిలిన రక్తంతో ఇంకోటి పెట్టాను. నలభై నిమిషాలకు ముప్పై తొమ్మిది, గంటకు అరవై ఆరు. అన్నం తినబుద్ధి కాలేదు. గోడమీద గ్రాఫు అట్లాగే ఉంది.

సోమవారం పొద్దున్నే సూపరింటెండెంట్ గదికి పోయి మొత్తం చెప్పాను. ఆయన విన్నాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. రిజిస్టర్ తెప్పించి నా ముందు తిప్పి పెట్టాడు.

"ఈ రీడింగుల కింద సంతకం ఎవరిదయ్యా?"

"నాదే సార్."

"ఏడు వారాలూ నీదేనా?"

"నాదే."

"అయితే ఏడు వారాల తప్పూ నీదే. ఉద్యోగం పోతుంది. అర్థమైందా? నాకైతే నీ మీద నమ్మకం ఉంది. మొన్న ఎండకు నీకు కళ్లు తిరిగుంటాయి."

అక్కడితో ఆగితే నన్ను బెదిరించారని రాసుకుని బతికేవాణ్ణి. ఆయన సొరుగులోంచి టైపు చేసిన కాగితాలు తీశాడు. హైదరాబాద్‌లో డాక్టర్ల సదస్సుకు పంపే వ్యాసం. పైన మూడు పేర్లు. మూడోది నాది. ఇంటిపేరుతో సహా, తప్పు లేకుండా. ఖమ్మం జిల్లా దాటి ఎక్కడా నా పేరు అచ్చులో చూసుకోని మనిషిని. చెయ్యి చాచి ఆ కాగితం పట్టుకుని చాలాసేపు చూశాను. భయం వల్ల నోరు మూసుకున్నానని మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ అనుకుంటారు. భయం సగమే. మిగతా సగం ఆ మూడో పేరు.

ఎనిమిదో శనివారం బస్సు బాగయింది. సైరన్ కొట్టింది. ముప్పై ఏడు అని రాసి సంతకం పెట్టాను. ఆ ముప్పై ఏడు చూసి ఆయన నాగమణి గోలీలన్నీ ఒక్కసారిగా మాన్పించాడు. గోలీలు లేకుండానే తగ్గిందని చూపిస్తే వ్యాసానికి బలం వస్తుందట.

"నిజంగనే బందు చేయాల్నా సారూ?" అని రాములు నన్ను అడిగాడు, బయట వరండాలో. డాక్టరును అడగలేక నన్ను అడిగాడు. "వరంగలోళ్లు ఆపొద్దన్నరు."

"పెద్ద డాక్టర్ చెప్పిండు గదా," అన్నాను.

పథ్యం

మూడు వారాలు కాలేదు. వాళ్ల ఊళ్లో కొత్తల పండుగ వచ్చింది. కొత్త పంట ముట్టే ముందు చేసుకునే పండుగ. అందరితోపాటు నాగమణి కూడా రెండు ముద్దలు కోడికూర తిన్నది. నాలుగో రోజు రక్తం పడటం మొదలైంది, ఆగలేదు. దవాఖానాకు తెచ్చేసరికి నాడి దొరకడం లేదు. మా అంబులెన్సులోనే వరంగల్ పంపారు. అక్కడ పెద్దపేగు మొత్తం తీసేసి, పొట్టకు రంధ్రం చేసి సంచి కట్టారు. బతికింది.

అంబులెన్సు కదిలే ముందు మా సూపరింటెండెంట్ రాములును పక్కకు పిలిచాడు.

"మాంసం ముట్టొద్దన్నానా లేదా?"

"అన్నరు సారూ."

"తినిందా లేదా?"

రాములు తల వంచుకున్నాడు. కేసు షీటులో 'పథ్యం పాటించలేదు' అని ఎర్ర ఇంకుతో పడింది. సదస్సు వ్యాసంలో ఆమె గురించి ఒక వాక్యం ఉంది: ఒక రోగి తదుపరి పరిశీలనకు హాజరు కాలేదు. హాజరు కాలేదట. ఆమె వరంగల్‌లో మంచం మీద ఉంటే ఈయన హైదరాబాద్‌లో మైకు ముందు ఉన్నాడు. చప్పట్లు బాగానే కొట్టారని వచ్చి చెప్పాడు. ఏడాదికి ప్రమోషన్ మీద వెళ్లిపోయాడు. డబ్బా మీద ముసుగు కప్పారు. దానిమీద పాత కేసు షీట్ల కట్టలు పెట్టుకున్నారు.

ఒత్తిడి ఆక్సిజన్ పేగు జబ్బుకు పనిచేస్తుందా అని పిల్లలు అడుగుతారు. నాకు తెలియదు. ఎక్కడో ఎవరో నిజాయితీగా చూస్తూ ఉండవచ్చు. కణాలకు బుద్ధి వస్తుందో బలం వస్తుందో కూడా వాళ్లే చెప్పాలి. మా దగ్గర యంత్రం ఉంది, జబ్బు మనుషులు ఉన్నారు, తెలుసుకునే అవకాశం ఉంది. దాన్ని మేం పన్నెండున్నరకు తాళం వేసి భోజనానికి పోయాం.

కొత్తగా చేరేవాళ్లకు ఒక్కటే చెబుతాను. మీ ల్యాబ్‌లో కూడా ఇట్లాంటి అలవాటు ఒకటి ఉంటుంది. చేరిన మొదటి వారంలో మాత్రమే అది కళ్లకు కనపడుతుంది. మంచి మనసున్న సీనియరే దాన్ని నేర్పుతాడు. చారిగారు మంచివాడు, నా పెళ్లికి మూడు రోజులు పనిచేశాడు. ఆ మొదటి వారంలోనే కాగితం మీద రాసుకోండి. తరువాత మీకు కనపడదు.

గంట

విరమణ తీసుకున్నాక ఒక వేసవి పొద్దున టేకులపల్లి బస్సు ఎక్కి వాళ్ల ఊరికి పోయాను. రాములు అప్పటికే ఫ్యాక్టరీ మానేసి అక్కడికి చేరాడని విన్నాను. రోడ్డు నుంచి కొంత దూరం నడక. ముసలి డాక్టరు పంపిన ఆ బురద దారి గుర్తొచ్చింది. అప్పుడు గోలీలైనా చేతిలో ఉన్నాయి.

నాగమణి ఇంటి ముందు పందిరి కింద ఇప్పపూలు ఏరుతున్నది. చాటలో పుల్లలు, ఆకులు పక్కకు తీస్తున్నది. ఎండిపోయినట్టుంది, జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి వెంటనే గుర్తుపట్టింది.

"డబ్బా సారువు గద. గిట్లొచ్చినవేంది?"

చెప్పాను. సైరన్, నలభై నిమిషాలు, అరవై ఆరు, మూడో పేరు, ముప్పై ఏడు. ఆమె చేతులు పూలమీద కదులుతూనే ఉన్నాయి.

"నేనప్పుడే అడిగిన గద."

"అడిగినవ్."

"నువ్వేమన్నవ్?"

"చదువు రానిదానివి, నీకేం తెలుసన్న."

"అవ్. గదే అన్నవ్." ఒక పుల్ల తీసి పక్కన పడేసింది. "అయితే నా కోడికూర తోటి కాలేదు."

"కాలేదు. గోలీలు ఆపినందుకు. ఆపడానికి నా అంకె కారణం."

అప్పుడు ఆమె చేతులు ఆగాయి.

"మా అత్త సచ్చేదాక గదే అన్నది. తిండికి ఆశపడి పేగు పోగొట్టుకున్నదని. మా ఆయన నోటితోటి అనడు. కొత్తల పండుగ నాడు నాకు కూర వడ్డించేటప్పుడు మాత్రం చెయ్యి ఆగుతది. పది పన్నెండేండ్ల నుంచి గట్లనే ఆగుతది. నేనే నా నోటిని తిట్టుకుంట బతికిన."

క్షమించమని అడగబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు చెప్తే ఏమొస్తది సారూ? తిన్నది నేనే గద, రెండు ముద్దలే అని నాకు తెల్వదా? ఆయన తునికాకు కోతకు పోయిండు. గంటకు వస్తడు. ఆయనకు చెప్పి పో."

నేను వాచీ చూసుకున్నాను. అలవాటు. "టేకులపల్లి బస్సు ఇరవై నిమిషాల్లో..."

"పోతది," అన్నది. "కూసో."

కూర్చున్నాను. ఆమె మళ్లీ పూలు ఏరడం మొదలుపెట్టింది. కాసేపటికి రోడ్డు మీద బస్సు హారను వినపడింది, చెట్ల వెనక దుమ్ము లేచింది. ఆమె తల ఎత్తి నా వైపు చూసింది. నేను లేవలేదు. గంట ఎంత ఉంటుందో నాకు అంతకు ముందు తెలియదు.

రాములు నెత్తిన తునికాకు మూటతో వచ్చాడు. నన్ను చూసి మూట దించి, చెయ్యి ఎత్తి దండం పెట్టాడు. నాగమణి చాట పక్కన పెట్టి చేతులు దులుపుకున్నది.

"సారు నీ కోసమే కూసున్నడు, గంట నుంచి," అన్నది. "కోడికూర ముచ్చట చెప్తడంట. ఇను."